మందకు ఆరోగ్య స్టేటస్ రాసిచ్చే వెటర్నరీ సర్వీసు: మొయినాబాద్ వైపు మా డైరీలో ఎలా జరిగిందంటే

ముందే చెప్పేస్తున్నాను, ఇచ్చిన డబ్బుకు న్యాయం చేశారు. చిన్న డైరీ నడిపేవాళ్లు పిలిపించుకోదగ్గ సర్వీసు ఇది. కాకపోతే వాళ్లు చేసే పనేమిటో తెలుసుకుని పిలవండి. "మా పశువులకు ఏ జబ్బూ లేదని ఒక కాగితం రాసివ్వండి" అని అడిగేవాళ్లకు వీళ్లు నచ్చరు. బండెక్కించే ముందు ఒక్కో పశువుకు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వేరు, ఇది వేరు. మందంతటినీ పరీక్ష చేసి, ఒక్కో జబ్బుకు విడివిడిగా, ఫలానా తేదీ నాటికి ఈ మంద ఏ మెట్టు మీద ఉందో ఫైల్లో రాస్తారు. ఆ మెట్టు పైకి పోవచ్చు, కిందికీ రావచ్చు. కొత్త పశువు ఒక్కటి గేటు లోపలికి వచ్చినా ఫైలు మళ్లీ తెరవాల్సిందే.

ఇద్దరు డాక్టర్లు, ఒక టెక్నీషియన్, వెనకాల ఐస్‌బాక్స్ కట్టిన ఒక బొలెరో. అత్తాపూర్ వైపు చిన్న ఆఫీసు ఉంది, బయట బోర్డు కూడా లేదు. ఉన్న పనే చేతినిండా ఉంది, ఇప్పుడే ప్రచారం వద్దన్నారు కాబట్టి ఇక్కడ పేరు రాయడం లేదు. రంగారెడ్డి జిల్లా డైరీల వాట్సాప్ గ్రూపుల్లో అడిగితే ఎవరో ఒకరు నంబరు ఇస్తారు.

మాది చిలుకూరు దగ్గర, మృగవని జాతీయ పార్కు కంచెకు మరీ దూరం కాని ఊరు. 19 ముర్రా బర్రెలు, 8 హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు, 4 సాహివాల్ ఆవులు, పడ్డలు, దూడలు. కొట్టం నేనూ మా బావగారూ చూసుకుంటాం. పాలు మణికొండ, కోకాపేట అపార్ట్‌మెంట్లకు పోతాయి. పాలు పిండే పని బీహార్ నుంచి వచ్చిన రెండు కుటుంబాలది. వాళ్ల పిల్లలు కూడా మా కొట్టం పక్క గదుల్లోనే పెరుగుతున్నారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ జబ్బుల విషయంలో అందరికన్నా ముందు ఆపద వచ్చేది పాలు కొనేవాళ్లకు కాదు, పశువు ఈనేటప్పుడు చేయి పెట్టే మనిషికి.

హర్యానా నుంచి తెచ్చిన బర్రెల్లో ఒకటి ఏడో నెల దాటాక ఈసుకుపోయింది, అంటే కడుపు పోయింది. మావి (మాయ) పడలేదు. కొన్నాళ్లకు దాని పక్క గుంజకు కట్టేసినదీ అలాగే ఈసుకుపోయింది. వేడి చేసిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు, మేతలో తేడా అని ఒకరు అన్నారు. ఒకే వరసలో రెండు బర్రెలు నెలలు నిండకుండా ఈసుకుపోతే నాకు మాత్రం నిద్ర పట్టలేదు. అదే సమయంలో కోకాపేట అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు "మీ పశువులకు టీబీ టెస్టులు చేయిస్తారా?" అని అడిగారు. నా దగ్గర ఉన్నవల్లా గాలికుంటు, గొంతువాపు టీకాల వివరాలు. టీబీకి జవాబు లేదు. అందుకే వీళ్లను పిలిచాను.

వచ్చిన పెద్ద డాక్టరు గారు చాలా ఏళ్లు న్యూజిలాండ్‌లో ఆవుల ఫారాల్లో, జింకల ఫారాల్లో పనిచేసి వచ్చారు. అక్కడ ఎర్ర జింకలను మనం మేకలను పెంచినట్టు మందలుగా పెంచుతారు, మాంసానికీ లేత కొమ్ములకీ. ఆవుల మందకైనా, జింకల మందకైనా క్షయ విషయంలో ఒక స్టేటస్ ఉంటుంది. సీ అంటే క్లియర్, పక్కన అంకె. ఏళ్లు గడిచేకొద్దీ అంకె పెరిగి సీ10 దాకా పోతుంది. అనుమానం వస్తే ఎస్, అంటే సస్పెండ్. జబ్బు ఉందని తేలితే ఐ. పశువును అమ్మేటప్పుడు మంద స్టేటస్ కాగితం మీద రాసి కొనేవాడికి ఇవ్వాలి. తక్కువ స్టేటస్ ఉన్న మంద నుంచి పశువును తెస్తే తెచ్చుకున్నవాడి మెట్టు కూడా తగ్గవచ్చు. అందుకే అక్కడి రైతు రేటు అడగకముందే స్టేటస్ అడుగుతాడట. చెవి ట్యాగుల నమోదు ఆవులకు 2012 జులై 1 నుంచి, జింకలకు 2013 మార్చి 1 నుంచి తప్పనిసరి చేశారు. కబేళాలో ఊపిరితిత్తుల దగ్గర గడ్డ కనిపిస్తే ట్యాగును పట్టుకుని అది ఏ మంద నుంచి వచ్చిందో అక్కడిదాకా వెళ్తారు. 1990ల మధ్యలో 1,700 దాకా ఉన్న జబ్బు మందలు ఇప్పుడు పదుల్లోకి తగ్గాయి. అదీ పాసమ్ అనే అడవి జంతువు జబ్బును మళ్లీ మళ్లీ మందల్లోకి తెస్తూ ఉన్నా సాధించారు.

ఈ పద్ధతినే మన డైరీలకు సరిపోయేలా మార్చుకుని పెట్టుకున్నారు వీళ్లు. అక్షరాలు అవే, నియమాలు వీళ్లు రాసుకున్నవి. ఇందులో ప్రభుత్వ ముద్ర లేదు. ఆ మాట మొదటి రోజే, డబ్బు మాట ఎత్తకముందే చెప్పారు. "ఇది మీకు, మీ కొనుగోలుదారులకు పనికొచ్చే రికార్డు మాత్రమే. దీన్ని చూపించి ఎక్కడా లైసెన్సు తెచ్చుకోలేరు" అన్నారు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

ఇప్పుడు పరీక్ష సంగతి. నేను ప్రతి పశువు దగ్గరా నిలబడి చూశాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

క్షయకు చేసింది మెడ మీద చర్మ పరీక్ష. పశువును ట్రెవిస్‌లో, అంటే కదలకుండా పట్టి ఉంచే చట్రంలో నిలబెట్టి, మెడ మధ్యలో రెండు చోట్ల వెంట్రుకలు గొరిగారు, ఒకదాని కింద ఒకటి, మధ్యలో 12 సెంటీమీటర్ల ఎడం. రెండుచోట్లా చర్మాన్ని మడత పట్టుకుని కాలిపర్‌తో మందం కొలిచారు. టెక్నీషియన్ చెవి ట్యాగు మీది 12 అంకెల నంబరు పైకి చదవడం, డాక్టరు మిల్లీమీటర్లు చెప్పడం, రెండో డాక్టరు రాయడం. నంబరు సరిచూసుకోకుండా ఒక్క సూది కూడా వేయలేదు. పైచోట పక్షుల క్షయ క్రిమి నుంచి తీసిన ట్యూబర్‌క్యులిన్, కిందిచోట పశువుల క్షయ క్రిమి నుంచి తీసినది, ఒక్కోటి 0.1 మిల్లీలీటరు. మందు ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ (ఐవీఆర్‌ఐ) నుంచి తెప్పించినది. సీసా మీద బ్యాచ్ నంబరు నాకు చూపించి ఫైల్లో రాశారు. సూది కండలోకి దిగకూడదు, చర్మం పొరల మధ్యే ఆగాలి. సరిగ్గా పడితే వేలి కింద చిన్న శనగగింజంత బుడిపె తగులుతుంది. నా వేలు కూడా పెట్టించి చూపించారు. బర్రె చర్మం దళసరి, దానికి ఆవుకు వేసినంత తేలికగా సూది పడదు. ఒక బర్రెకు బుడిపె తగలకపోతే, మందు ఎక్కడ పడిందో అనుమానంగా ఉందని ఫైల్లో రాసి, పక్కన మళ్లీ కొలిచి వేశారు.

రెండు సూదులు ఎందుకంటే, మట్టిలో నీళ్లలో ఉండే క్షయ జాతి క్రిములు చాలా ఉన్నాయి. పశువులకు విడవకుండా పారుడు పట్టించే జోన్స్ వ్యాధి క్రిమీ వాటికి దగ్గర చుట్టమే. వాటి వల్ల కూడా సూది వేసినచోట వాపు రావచ్చు. పక్షుల మందుకు ఎంత వాచింది, పశువుల మందుకు ఎంత వాచింది అని పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు క్షయ తాకిడి బయటపడుతుంది. మన దగ్గర ఒక్క సూదితో చూసి తేల్చేసేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లు మంచి పశువును జబ్బుదని రాసిపోతే ఆ రైతు గతి ఏం కావాలి?

72 గంటలకు మళ్లీ వచ్చి, అదే కాలిపర్, అదే చేయి. గురువారం వేస్తే ఆదివారం చదివారు. పశువుల మందు వేసినచోటి వాపు, పక్షుల మందు వేసినచోటి వాపు కన్నా 4 మిల్లీమీటర్లకు మించి ఎక్కువైతే పాజిటివ్. తేడా 1 నుంచి 4 మధ్యలో ఉంటే తేలలేదని రాస్తారు. అంతకన్నా తక్కువైతే నెగటివ్. మా మందలో ఒక్క ఆవు, హెచ్‌ఎఫ్ సంకరానిదే, పైచోట 8 నుంచి 10కి, కిందిచోట 8 నుంచి 13కి పోయింది. తేడా 3. అంటే తేలలేదు.

అసలు పరీక్ష నాకు ఇక్కడ ఎదురైంది. ఒక్క ఆవు తేలకపోతే, మిగతా అన్నీ నెగటివ్ అయినా, మందంతటికీ క్షయ గడిలో ఎస్ రాశారు. అది తేలేదాకా ఏ పశువునూ అమ్మొద్దు, కొనొద్దు అన్నారు. మా బావగారికి కోపం వచ్చింది.

"ఒక్క ఆవు గురించి మందనంతా ఆపుతరా డాక్టర్ సాబ్?"

"అన్నా, అది ఒక్కతే వేరే నీళ్లు తాగిందా? ఈ తొట్టిలనే కదా అన్నీ మూతి పెట్టేది."

ఆ తర్వాత బావగారు ఏమీ అనలేదు. తొట్టి వైపు చూసి లోపలికి వెళ్లిపోయారు.

వెంటనే ఇంకోసారి సూది వేసి తేల్చేయొచ్చు కదా అని నేను అడిగాను. వేయకూడదట. ఒకసారి ట్యూబర్‌క్యులిన్ పడ్డాక కొన్ని వారాలు ఆ పశువు ఒళ్లు సరిగ్గా స్పందించదు, జబ్బున్నా వాపు రాకపోవచ్చు. అందుకని కనీసం 42 రోజులు ఆగాలి. సంతల్లో కొందరు అమ్మే ముందు గుట్టుగా ట్యూబర్‌క్యులిన్ వేసి, కొన్నవాడు పరీక్ష చేయిస్తే నెగటివ్ వచ్చేలా చూసే మోసం కూడా ఉందని డాక్టరు చెప్పారు. కొత్తగా ఈనిన పశువుల్లో, జబ్బు బాగా ముదిరినవాటిలో కూడా చర్మం వాచకపోవచ్చు. ఒక్క పరీక్షతో క్లియర్ అని రాయకపోవడానికి ఇదే కారణం. మందలో ఒకటి తప్పించుకున్నా, రెండో విడతకు దాని పక్కది పట్టిస్తుంది.

ఆ ఆవును వేరే పాకలో కట్టి, వేరే బకెట్, వేరే తొట్టి పెట్టాం. గడువు దాటాక మళ్లీ పరీక్ష చేస్తే తేడా ఒక మిల్లీమీటరు లోపే. అప్పుడు కూడా క్లియర్ ఇవ్వలేదు, 'మొదటి విడత శుభ్రం' అని రాశారు. ఆరు నెలలు దాటాక మందంతటికీ రెండో విడత చేసి, అదీ శుభ్రంగా వచ్చాకే సీ1 వేశారు. ఇంత నిదానం ఎందుకని విసుక్కునేవాళ్లకు ఒక్క మాట. ఆస్ట్రేలియా 1970లో పని మొదలుపెడితే బ్రూసెల్లా (పశువులు ఈసుకుపోయే రోగం) లేదని ప్రకటించుకునేసరికి 1989, క్షయ లేదని ప్రకటించుకునేసరికి 1997. ఒక దేశానికే అన్నేళ్లు పడితే, నా కొట్టానికి ఆరు నెలలు ఆగడం పెద్ద విషయం కాదనిపించింది.

ఇక ఈసుకుపోయే రోగం, బ్రూసెల్లా. ముందుగా ఆవుల పాలతో ఒక చిన్న పరీక్ష చేసి చూపించారు. టెస్ట్ ట్యూబులో పాలు పోసి, నీలం రంగు కలిపిన యాంటిజెన్ (చంపిన బ్రూసెల్లా క్రిములతో చేసిన పరీక్ష మందు) చుక్క వేసి, వెచ్చగా ఒక గంట ఉంచారు. జబ్బు జాడ ఉంటే పైన తేలిన మీగడ నీలంగా, కింద పాలు తెల్లగా అవుతాయి. లేకపోతే మీగడ తెల్లగానే ఉండి పాలంతా లేత నీలంగా ఉంటుంది. మా ఆవుల ట్యూబులన్నీ రెండో రకమే. పొదుగువాపు ఉన్నదాని పాలు, జున్నుపాలు కలిస్తే తప్పు ఫలితం రావచ్చని వాటిని పక్కన పెట్టారు. ఆ తర్వాత పెద్దవాటన్నింటికీ రక్తం తీసి, గులాబీ రంగు యాంటిజెన్‌తో పలక మీద చేసే రోజ్ బెంగాల్ పరీక్ష, దాని మీద ల్యాబ్‌లో చేసే ఎలైజా అనే రక్త పరీక్ష. నేను భయపడ్డదే జరిగింది. ఈసుకుపోయిన రెండు బర్రెలూ పాజిటివ్.

ఈ దేశంలో క్షయకూ బ్రూసెల్లాకూ పాజిటివ్ పశువును ఏం చేయాలన్న ప్రశ్నకు రైతు చేతిలో మంచి జవాబు లేదు. న్యూజిలాండ్‌లో, ఇంగ్లాండ్‌లో పాజిటివ్ వస్తే తీసేస్తారు. మన దగ్గర మామూలుగా అలా జరగదు. చాలామంది చేసేది ఏమిటంటే, నోరు మూసుకుని సంతకు తోలేయడం. దాంతో జబ్బు ఇంకో కొట్టంలోకి నడిచిపోతుంది. మా రెండు బర్రెలు కూడా అలాగే వచ్చి ఉంటాయి. నేను మాత్రం వాటిని ఇంకొకరి ఇంటికి పంపను. సర్వీసు వాళ్లు ఈ విషయంలో చాలా సాయం చేశారు. వేరే కొట్టం ఎలా కట్టాలి, ఈనేటప్పుడు ఎక్కడ కట్టాలి, మావిని ఒట్టి చేత్తో ముట్టుకోకుండా గ్లౌజులతో తీసి లోతుగా గుంత తవ్వి సున్నం వేసి ఎలా పూడ్చాలి, కుక్కలు లాక్కుపోకుండా ఏం చేయాలి, అన్నీ మా పనివాళ్లకు హిందీలో కూర్చోబెట్టి చెప్పారు. విడవకుండా వచ్చిపోయే జ్వరం, రాత్రుళ్లు చెమటలు, కీళ్లనొప్పులు ఉంటే డాక్టరు దగ్గర "నేను పశువుల దగ్గర పనిచేస్తాను" అని తప్పకుండా చెప్పాలన్నారు. ఆ ఒక్క మాట చెప్పక నెలల తరబడి తిప్పలు పడినవాళ్లు ఉన్నారట. మా పనివాళ్లందరికీ రక్త పరీక్షలు చేయించాం, అందరికీ నెగటివ్ వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన ఊరట ఇక్కడ రాయలేను.

పాల సంగతికొస్తే, ఆ రెండు బర్రెల పాలు అమ్మకానికి పోవడం లేదు. మిగతా పాలన్నీ ఇప్పుడు 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచే చిన్న పాశ్చరైజర్‌లోంచి వచ్చాకే బండెక్కుతున్నాయి. పాలు బాగా కాచుకుంటే ఈ రెండు క్రిములూ చస్తాయి. మన ఇళ్లలో పాలు కాచే అలవాటు ఎంతమందిని కాపాడుతోందో. పచ్చిపాలు తాగితే బలం అని ఫోన్లలో వచ్చే వీడియోలు చూసి పిల్లలకు తాగించే తల్లిదండ్రులు ఈ ముక్క తప్పకుండా చదవాలి.

టీకా మాట కూడా వచ్చింది కాబట్టి చెబుతాను. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశు వ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటుకూ బ్రూసెల్లాకూ టీకాలు ఉచితం. బ్రూసెల్లా టీకా 4 నుంచి 8 నెలల వయసున్న ఆడదూడలకు మాత్రమే, జీవితంలో ఒక్కసారి. మగదూడలకు వేయరు, చూడివాటికి వేయరు. అది బతికున్న క్రిమితో చేసిన టీకా కాబట్టి వేసే మనిషి కూడా జాగ్రత్తగా ఉండాలి. టీకా ఎప్పుడు వేశారో ట్యాగు నంబరు మీద ఎక్కించకపోతే, రేపు రక్త పరీక్షలో పాజిటివ్ వచ్చినప్పుడు అది టీకా వల్లా, జబ్బు వల్లా అని తేల్చుకోలేక గందరగోళం. వీళ్లు మా దూడల టీకా తేదీలు కూడా ఫైల్లో చేర్చి, భారత్ పశుధన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదుతో సరిచూశారు. రెండు దూడల వివరాల్లో తేడా ఉంటే మా గోపాలమిత్రను (ఊళ్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే కార్యకర్తను) పిలిపించి సరిచేయించారు. ఫీజులో లేని పని, అయినా చేశారు.

ఫైల్లో నేను ఊహించని గడి ఒకటి ఉంది, 'అడవి జంతువులతో తాకిడి' అని. మృగవని మాకు దగ్గర కాబట్టి దాని మీద చాలాసేపు మాట్లాడారు. కంచె అవతల చుక్కల జింకలు మాకు కనిపిస్తూనే ఉంటాయి. ఆ జింకలకు జబ్బుందని డాక్టరు అనలేదు, నేనూ అనడం లేదు, దయచేసి ఎవరూ అలా అర్థం చేసుకోవద్దు. జబ్బు అటు నుంచి ఇటు రావడం ఎంత సాధ్యమో, మన పశువుల నుంచి అటు పోవడమూ అంతే సాధ్యం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో 1994లో వేటలో చంపిన ఒక జింకలో క్షయ బయటపడింది. తర్వాత చూస్తే ఆ ప్రాంతపు అడవి జింకల్లో అది పాతుకుపోయి ఉంది. వేటగాళ్లు జింకలను రప్పించడానికి కుప్పలుగా మేత పోయడం, అవన్నీ ఒకేచోట మూతులు పెట్టడం దానికి పెద్ద కారణమైంది. అక్కడి నుంచి ఆవుల మందలకూ తిరిగి పాకింది. ఇది చెప్పి, మిగిలిన మేతను కంచె పక్కన పడేయొద్దని, మా పశువుల నీళ్ల తొట్టి కంచెకు దూరంగా జరపమని రాశారు. జరిపాం.

జింకలను పరీక్ష చేయడం ఆవుల్లాంటి పని కాదని కూడా చెప్పారు. మనిషి చేయి పడితేనే బెదిరిపోయి, ఆ కంగారుకే ప్రాణం మీదికి తెచ్చుకునే జంతువు అది. అందుకే న్యూజిలాండ్ ఫారాల్లో చీకటిగా ఉంచిన షెడ్లలోకి మెల్లగా తోలి, మెత్తటి గోడలున్న బోనులో నిలబెట్టి సూది వేస్తారట. మన దగ్గర చుక్కల జింక 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్న జంతువు. వాటిని ఎవరూ సొంతంగా పెంచరు, అటవీ శాఖ అనుమతి లేకుండా తాకరు. కాబట్టి మా వంతు పని కంచె ఇవతలే.

ఇప్పుడు మా పాల కౌంటర్ దగ్గర ఒక బోర్డు ఉంది. క్షయ: సీ1, చివరి పరీక్ష తేదీ. బ్రూసెల్లా: ఐ, రెండు బర్రెలు వేరు చేయబడ్డాయి, పాలు అమ్మకానికి లేవు, మిగతా పాలు పాశ్చరైజ్ చేసినవి. "గిట్ల బోర్డు పెడితే మన పాలెవరు కొంటరు?" అని బావగారు చాలా గట్టిగా అడ్డుపడ్డారు. కొందరు మానేసిన మాట నిజం. కోకాపేట అసోసియేషన్ వాళ్లు మాత్రం ఫైలంతా చదివి, మానేయకుండా పక్క టవర్‌ను కూడా కలిపారు. దాచి అమ్ముకునే పాలకన్నా చెప్పి అమ్ముకునే పాలు తక్కువైనా నాకు చాలు.

లోపాలూ ఉన్నాయి, అవీ చెప్పాలి. రెండో విడతలో కొన్ని పశువుల రీడింగ్‌కు ఔటర్ రింగ్ రోడ్డు మీద వాళ్ల బండి ఆగిపోయి చాలా ఆలస్యంగా వచ్చారు. 72 గంటలు అంటే కొద్ది గంటలు అటూ ఇటూ పర్లేదు కానీ, అంత ఆలస్యమైతే కొలత నమ్మడానికి లేదు. వాళ్లే ఆ పశువులకు 'చెల్లదు' అని రాసి, గడువు తర్వాత డబ్బు తీసుకోకుండా మళ్లీ చేశారు. నిజాయితీ మెచ్చుకోవాల్సిందే, కానీ దానివల్ల నా సీ1 అన్నాళ్లు ఆలస్యమైంది. ఈ పనికి రెండో బండి పెట్టుకోవాలి. ఫైలంతా ఇంగ్లీషులోనే ఉండటం ఇంకో ఇబ్బంది. పశువుల దగ్గర ఉండేవాడు చదవలేని ఫైలు అల్మారాలో ఉండి ఏం లాభం? ఫోన్ సాయంత్రం ఏడు దాటితే ఎత్తరు. ట్రెవిస్ మీ దగ్గర ఉండాలి, వాళ్లు తీసుకురారు. లేనివాళ్లు ముందే రెండు గట్టి బాదులు పాతించుకోండి, గుంజకు కట్టి చేస్తే కొలతలు సరిగా రావు, మనుషులకు దెబ్బలు తగులుతాయి. క్షయకు చేసే గామా ఇంటర్‌ఫెరాన్ అనే రక్త పరీక్ష వీళ్ల దగ్గర లేదు. తీసిన రక్తాన్ని త్వరగా ల్యాబ్‌లో పెట్టాలి, కిట్టు ఖరీదు ఎక్కువ, అందుకని పెట్టుకోలేదన్నారు. తేలని పశువు ఉన్నప్పుడు అది ఉంటే మాకు ఇన్ని వారాల టెన్షన్ తప్పేది.

ఫీజు పశువుకు 600 రూపాయలు, క్షయ, బ్రూసెల్లా రెండింటికీ కలిపి. ఎలైజా ల్యాబ్ ఖర్చు వేరు. తేలనిదానికి మళ్లీ చేసిన పరీక్షకు సగమే తీసుకున్నారు. రెండు మూడు పశువులున్న ఇంటికి ఇది భారమే. అలాంటివాళ్లు ముందు మీ ఊరి పశువైద్యశాలలో అడగండి, సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో కనుక్కోండి. పది దాటిన మంద ఉండి, బయట పాలు అమ్ముతున్నవాళ్లయితే మాత్రం వీళ్లను పిలవండి. ముఖ్యంగా హర్యానా నుంచో సంత నుంచో పశువులు తెచ్చేవాళ్లు, బండి దించకముందే మాట్లాడుకోండి. కొత్తది వస్తే వేరే పాకలో పెట్టి, పరీక్ష అయ్యాకే మందలో కలపాలని మా ఫైల్లో రాసి ఉంది. ఈ మధ్య మేము కొన్న సాహివాల్ పడ్డను అలాగే పెట్టాం. దానికి రీడింగ్ వచ్చే ఆదివారం.

ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటి రీడింగ్ ఆలస్యానికీ, తెలుగు లేని ఫైలుకీ. పనివాళ్ల కోసం తెలుగులోనూ హిందీలోనూ ఒక పేజీ తయారు చేస్తామని డాక్టరు గారు మాటిచ్చారు. చేతికొచ్చిన రోజు ఇక్కడే కింద రాసి, నక్షత్రం కూడా కలుపుతాను.